కొత్త దాగలి మీద మొదటి గాటు

(కమ్మరి పని కొత్తగా నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాటలను వీలైనంతవరకు మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సమ్మెట పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డ చెవులు నావి. నాకు సరిగ్గా వినపడక, మీకూ వినపడటం లేదేమోనని అరుస్తుంటాను. ఏమీ అనుకోకండి.

నెల కిందట ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు వింటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనిపించింది. తీరా సంగతి ఇదీ. కొత్త దాగలి కొన్నాడు, అదే, కాలిన ఇనుమును పెట్టి కొట్టే బరువైన దిమ్మ. మొదటి రోజే ఒక ఉలి చేద్దామని మొదలుపెట్టాడు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో సుత్తి పక్కకు జారి, దాని అంచు నేరుగా దాగలి మీద పడింది. నెలవంకలా చిన్న గాటు. "సార్, దీన్ని వెల్డింగ్‌తో పూడ్పించమంటారా, లేకపోతే పైనంతా గ్రైండింగ్ చేయించమంటారా?" అని అడిగాడు. ఎంత లోతుందయ్యా అన్నాను. గోరుతో గీస్తే తగులుతోందన్నాడు. అంతే! గోరుకు తగిలేంత. దానికి పది రోజులుగా దాగలి మీద గుడ్డ కప్పి, కొలిమి రాజేయకుండా కూర్చున్నాడట.

[నవ్వులు]

నవ్వుతున్నారు గానీ, ఈ గదిలో సగం మంది ఆ ఫోన్ చేయగలవాళ్లే. చిన్నప్పుడు నా చేతిలో ఫోన్ ఉంటే నేనూ చేసేవాణ్ణే.

నేను పని నేర్చుకున్నది మా పెదనాన్న దాగలి మీద. పద్నాలుగో పదిహేనో ఏడు నాకు. ఒకరోజు ఇలాగే సుత్తి జారింది. మోత తేడాగా వినపడగానే ఆయన ఇటు తిరిగాడు. నేను గబుక్కున అరచేత్తో ఆ చోటు మూసేశాను. దాగలి మీద కాలిన ఇనుము నుంచి రాలిన వేడి పొలుసు ఉంది, చేతికి చుర్రుమంది. అయినా తీయలేదు. ఆయన నా చెయ్యి పక్కకు నెట్టాడు. గాటు వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. నా రెండో చేతిలోని సుత్తి తీసుకుని, దాని ముఖం అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తడిమాడు. "కత్తిలా ఉంది కదరా ఇది. అరగదీసుకోలేదేం?" అన్నాడు. దాగలి గురించి ఒక్క మాట లేదు.

ఈరోజు నేను చెప్పబోయేది చాలావరకు ఆ మాట చుట్టూ తిరిగేదే. దాగలి పాడవుతుందన్న భయం ఉండాలి, కాదనను. కానీ ఆ భయాన్ని మనం ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ పెట్టుకోం. ఎర్రగా కాలిన ఇనుమును చూసి జంకుతాం. చల్లారిన ఉక్కు మీద మాత్రం ధీమాగా బాదుతాం. ఇంకో చిత్రం చెప్పనా? దాగలి ఏమైపోతుందో అని భయపడుతూ కొట్టేవాడి దాగలే ముందు పాడవుతుంది.

ముందు ఈ వస్తువేమిటో చూద్దాం. దాగలి పైనున్న నున్నటి చదునును ముఖం అంటాను. ముందుకు కోసుగా సాగింది కొమ్ము. కొమ్ముకూ ముఖానికీ మధ్య ఒక మెట్టులా దిగి ఉంటుంది చూడండి, అన్ని దాగళ్లకూ ఉండదు, దాని సంగతి తర్వాత చెప్తాను. వెనక పల్చగా సాగింది మడమ. మడమలో ఒక చదరపు బెజ్జం, ఒక గుండ్రటి బెజ్జం ఉంటాయి. ముఖం గట్టిపరచిన ఉక్కు. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద మంచి దాగలి ముఖం 50కి అటూ ఇటూ చూపిస్తుంది. మీ సుత్తి ముఖం కూడా దాదాపు అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మీ దాగలి గట్టిదో కాదో తెలియడానికి మీటర్లేం అక్కర్లేదు. అంగుళం మందం బేరింగ్ గుండు ఒకటి తీసుకుని, 10 అంగుళాల ఎత్తు నుంచి ముఖం మీదకు వదలండి. విసరొద్దు, ఊరికే వదలండి. మంచి ఉక్కు ముఖమైతే 8, 9 అంగుళాల దాకా తిరిగి లేస్తుంది. మొత్తం పోత ఇనుముతో చేసినదైతే సగం కూడా లేవదు, దప్‌మని కూలబడుతుంది. ముఖమంతా అక్కడక్కడా వదిలి చూడండి. ఒక్కచోటే లేవడం తగ్గితే ఆ చోట లోపల ఏదో తేడా ఉన్నట్టు. పాత దాగలి కొనేటప్పుడు ఈ గుండు జేబులో ఉండాలి.

సరే, వేడి ఇనుము సంగతికి వద్దాం. కొత్తవాళ్లకు ఉండే పెద్ద అనుమానం ఇదే. వెయ్యి డిగ్రీల ఇనుము పెట్టి బాదుతుంటే దాగలి ముఖం మెత్తబడదా, గుంటలు పడదా అని. 1100 డిగ్రీల దగ్గర మామూలు మైల్డ్ స్టీలుకు, చల్లగా ఉన్నప్పుడు ఉన్న బలంలో సుమారు పదో వంతే మిగులుతుంది. మైనం ముద్దను బండ మీద పెట్టి కొడితే బండకు గుంట పడుతుందా? దెబ్బ బలాన్నంతా ఆ మెత్తటిదే తినేస్తుంది. ఇక వేడి అంటారా, ఎనభై కిలోల దాగలికి అరకిలో ముక్క వేడి ఒక లెక్క కాదు. తాకిన చోటు నుంచి లోపలికి లాగేసుకుంటుంది. రోజంతా పనిచేశాక చెయ్యి పెడితే వెచ్చగానో, కాస్త చురుక్కుమనేలానో ఉంటుందంతే. ముఖం గట్టిదనం పోవాలంటే దాగలి మొత్తం కొన్ని వందల డిగ్రీల దాకా కాలాలి. అది పనిచేస్తే జరిగేది కాదు. షెడ్డుకు నిప్పంటుకుంటే జరుగుతుంది. అలా అగ్నిప్రమాదంలో కాలిన దాగళ్లు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి, పైకి శుభ్రంగానే కనిపిస్తాయి. గుండు వేస్తే బయటపడిపోతాయి.

కాబట్టి ఎర్రటి ఇనుము మీద గట్టిగా కొట్టడానికి వెనకాడొద్దు. వెనకాడితే ఏమవుతుందో చెప్తాను.

మీరు లారీ కమాను పట్టీ ముక్కతో ఉలి చేస్తున్నారనుకుందాం. కొలిమిలోంచి తీసినప్పుడు పసుపు కలిసిన నారింజ రంగు. కొట్టండి, 'దబ్' 'దబ్' అని మొద్దు మోత వస్తుంది. సుత్తి ముక్కలో దిగి అక్కడే ఉండిపోతుంది, చేత్తో పైకి లేపుకోవాలి. ఐదారు దెబ్బల్లో ఎరుపు, ఇంకొన్నింటికి ముదురెరుపు. అప్పుడు మోత మారుతుంది. 'టక్' 'టక్' అని మొదలై 'టంగ్' అని గణగణలాడుతుంది. సుత్తి దానంతటదే ఎగిరి మీ చేతికొస్తుంది. చేతికి హాయిగా ఉంటుంది, అబ్బా ఇప్పుడు ఊపు అందింది అనిపిస్తుంది. అదే మోసం. సుత్తిని ఎగరేస్తున్నది చల్లారిన ఉక్కు, దాని కింద దాగలి. దెబ్బను ముక్క తినడం మానేసింది కాబట్టే అది మీ మణికట్టుకూ దాగలి ముఖానికీ పోతోంది.

ఇప్పుడు భయపడేవాణ్ణి చూడండి. దాగలికి దెబ్బ తగులుతుందేమోనని వేడిగా ఉన్నప్పుడు మెల్లగా తడతాడు. ముక్క సాగదు. సాగకపోతే ఇంకా కొడతాడు. ఇంకా కొట్టేలోపు చల్లారుతుంది. ఒక్కసారి కాల్చి పది గట్టి దెబ్బల్లో అయ్యే పనిని ముప్పై దెబ్బలు కొడతాడు, అందులో సగం చల్లారిన ఉక్కు మీద పడతాయి. పైగా ముప్పై సార్లు ఎత్తినవాడి సుత్తి జారే అవకాశం ఎక్కువా, పది సార్లు ఎత్తినవాడిదా? లెక్క మీరే వేసుకోండి.

ఉలిలో ఇంకో ఇబ్బంది ఉంది. దాని వాదర పల్చనిది. పల్చటి భాగం ముందు చల్లారుతుంది. అందులోనూ ముక్కను దాగలి మీద ఆనించి ఉంచితే కింద నుంచి దాగలి వేడి లాగేస్తుంది. మధ్య భాగం ఎర్రగా కనిపిస్తుంది, మీ కళ్లు అక్కడే ఉంటాయి. వాదర మాత్రం నల్లబడి ఉంటుంది. ఆ నల్లటి అంచు మీద కొట్టే దెబ్బే ముఖం మీద గీత పెట్టేది. వాదర సాగదీసేటప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ముక్కను వెంట్రుకవాసి ఎత్తి పట్టుకోండి. దెబ్బ పడే క్షణానికి ఆనితే చాలు. ఇది చెప్తే అర్థం కాదు, మధ్యాహ్నం చేసి చూపిస్తాను.

ఇందాక సుత్తి ముఖం, దాగలి ముఖం రెండూ దాదాపు ఒకే గట్టిదనం అన్నాను కదా. అదే మన అసలు శత్రువు. గట్టిది గట్టిదాని మీద పడటం. మధ్యలో మెత్తటి వేడి ఇనుము ఉన్నంతసేపు ఫరవాలేదు. అది లేనప్పుడు రెంటిలో ఏది ఎక్కువ పెళుసుగా ఉంటే అది పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చు కింద పడదు. బుల్లెట్‌లా పోతుంది. కంట్లో దిగుతుంది, ముంజేతిలో దిగుతుంది. దాగలికి గాటు పడితే పడింది, కన్ను ఇంకోటి కొనలేం. కళ్లద్దాలు లేకుండా నా తరగతిలో సుత్తి ఎత్తితే బయటికి పంపేస్తాను, ముందే చెప్తున్నా. అలాగే ఊసుపోక ఖాళీ దాగలి మీద సుత్తితో టంగ్ టంగ్ మని తాళం వేసే అలవాటు కొందరికి ఉంటుంది. మెల్లగా ఆనిస్తే ఏం కాదు, కానీ మానుకోండి. రెండు సుత్తుల ముఖాలను ఒకదాంతో ఒకటి కొట్టడం ఎప్పుడూ చేయొద్దు.

ఆ కుర్రాడి దాగలికి పడిన గాటు ఎందుకు నెలవంకలా ఉంది? సుత్తి ముఖం గుండ్రం. వాలుగా పడితే అంచు మాత్రమే తగులుతుంది. ఆ అంచు పదునుగా ఉంటే, దెబ్బ బలమంతా గీతంత చోట పడుతుంది. చాలా కొత్త సుత్తుల అంచులు అలాగే పదునుగా వస్తాయి. కొన్న రోజే గ్రైండర్ పట్టించి, తర్వాత ఎమరీ కాగితంతో రుద్ది, అంచు చుట్టూ గుండ్రం చేయాలి. ముఖం కూడా పూర్తి చదునుగా కాకుండా నడిమి రవ్వంత ఉబ్బుగా ఉండాలి. అలాంటి సుత్తి జారినా సొట్ట పడొచ్చేమో గానీ గాటు పడదు. గ్రైండింగ్ దాగలికి కావాలా అని అడిగాడు కదా, నీ సుత్తికి చేయించు నాయనా అన్నాను. సుత్తి దాగలి కంటే కాస్త మెత్తగా ఉంటేనే నాకిష్టం. తప్పు పడితే సుత్తి మీద పడనీ. సుత్తిని పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.

దాగలి అంచుల సంగతీ అంతే. కొత్త దాగలి అంచులు కత్తిరించినట్టు సూటిగా ఉంటే చూడ్డానికి బాగుంటాయి. కొత్తవాళ్లు వాటిని అలాగే కాపాడుకోవాలని చూస్తారు. కానీ సూటి అంచే ముందు పెచ్చు ఊడుతుంది. పైగా దాని మీద పెట్టి ఇనుమును మెట్టులా అణగ్గొడితే లోపలి మూల చీలికలా మడతపడి, అక్కడే తర్వాత విరుగుతుంది. మన ఉలి పిడి దగ్గర విరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. అంచును ఒకచోట 3 మిల్లీమీటర్ల గుండ్రం, ఇంకోచోట 6 మిల్లీమీటర్ల గుండ్రం వచ్చేలా మీరే అరగదీసుకోండి. ఏ పనికి ఏ మూల కావాలో అది వాడుకోవచ్చు. మరీ సూటి మూల కావాల్సిన పని ఎప్పుడో గానీ రాదు. వస్తే చదరపు బెజ్జంలో పెట్టుకునే చిన్న దిమ్మ చేసుకోండి.

ఇక కోత. పనిముట్లు చేసేవాడి దాగలికి ఎక్కువ గాట్లు పడేది ఇక్కడే. వేడి ఉలితో కమ్మీ కోస్తున్నాం, పైనుంచి దిగుతూ వచ్చింది, ఆఖరి దెబ్బకు ముక్క తెగింది. తెగిన మరుక్షణం ఉలి ఎక్కడుంది? ముఖం మీద. అందుకే ఆ మెట్టు. కొమ్ముకూ ముఖానికీ మధ్య ఉండే ఆ మెట్టు చాలా దాగళ్లలో మెత్తగా ఉంటుంది, కోతలు దాని మీద పడాలని. పాత దాగళ్లు ఎక్కడైనా కనిపిస్తే ఆ మెట్టు చూడండి, కత్తిపీట పెట్టిన చెక్కలా గీతలమయంగా ఉంటుంది. దాన్ని చూసి ఎవరో పాడు చేశారనుకోవద్దు, పద్ధతిగా పనిచేశారన్నమాట. మీ దాగలికి మెట్టు లేకపోతే మైల్డ్ స్టీలు పలకో, రాగి పలకో ముఖం మీద పరుచుకోండి. రెండు వైపులా అంచులు కిందికి వంచితే జారదు. నా షెడ్డులో అలాంటి పలక ఒకటుంది, దాగలి కంటే దానికే ఎక్కువ గాయాలున్నాయి.

చదరపు బెజ్జంలో వాదర పైకి ఉండేలా పెట్టే ఉలిని హార్డీ అంటారు. దానిమీద కోసేటప్పుడు పూర్తిగా తెగేదాకా నేరుగా కొట్టొద్దు. చివర్లో కొంచెం మిగిలి ఉండగా ముక్కను పక్కకు జరిపి, వాదరకు బయట ఒక్క దెబ్బ వేస్తే కత్తెరతో కత్తిరించినట్టు తెగి పడుతుంది. లేదంటే హార్డీ వాదర, సుత్తి ముఖం ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నా మొదటి హార్డీని పక్కకు తిప్పి చూస్తే రంపం అనుకుంటారు.

[నవ్వులు]

బెజ్జం కొట్టడం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, కానీ అందులో ఒక అందం ఉంది. సుత్తికి పిడి దూర్చే కన్నం చేస్తున్నారనుకోండి. ఎర్రటి దిమ్మను ముఖం మీద పెట్టి పంచ్ దించుతున్నారు. మొదట మెత్తగా దిగుతుంది. ఒక దెబ్బకు మాత్రం ఇంకా దిగనని మొండికేస్తుంది, చేతికి తెలుస్తుంది. పంచ్ కొనకూ దాగలికీ మధ్య పల్చటి పొర మిగిలింది, దాగలి దాని వేడి లాగేసింది. అక్కడ ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే పంచ్ ముద్ర దాగలి మీద పడుతుంది. దిమ్మను తిరగేయండి. ఎర్రటి ఇనుము మధ్యలో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ చల్లారిన పొర అదే. పంచ్‌ను సరిగ్గా ఆ మచ్చ మీద పెట్టి, దిమ్మను బెజ్జం మీదకు జరిపి కొడితే, చిన్న బిళ్ల టప్‌మని కింద పడుతుంది. కొత్తవాళ్లు ఆ బిళ్లను దాచుకుంటారు. నేనూ దాచుకున్నాను.

బెజ్జాల మాట వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్తాను. గాటు కాదు, అంతకంటే పెద్దదే. ఒకసారి హార్డీ కాడ చదరపు బెజ్జంలో వదులుగా ఉందని విసుగొచ్చి, కొత్త కాడను కింద సన్నం పైన లావుగా, మేకులా చేశాను. దిగి బిగిసిపోవాలని. బిగిసింది. దానిమీద బరువైన పని పెట్టి, సమ్మెట వేయించాను. వేసేది మా పెదనాన్న కొడుకు, నాకంటే బలంగలవాడు. ఆరో దెబ్బకు మోత మొద్దుబారింది. ఆపమన్నాను గానీ సమ్మెట అప్పటికే పైకి లేచింది. బెజ్జం మూల నుంచి మొదలైన పగులు వెంట మడమ విరిగి, నా చెప్పుకు జానెడు దూరంలో పడింది. కడవలా బరువు.

మేకులాంటి కాడ ప్రతి దెబ్బకూ బెజ్జాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. అసలే మడమ పల్చన, కింద ఆసరా లేదు, దానికి తోడు రెండు బెజ్జాలు. నేను మూడు తప్పులు ఒకేచోట పెట్టాను. కాడ కొంచెం వదులుగానే ఉండాలి, చేత్తో లాగితే వచ్చేయాలి. హార్డీ భుజాలు ముఖం మీద పూర్తిగా ఆనాలి. బరువైన దెబ్బలు ఎప్పుడూ దాగలి నడుము మీద, కింద నిండుగా ఉక్కు ఉన్న చోట పడాలి. సమ్మెట వేసేవాడికి ఎక్కడ కొట్టాలో చెప్పాల్సింది పటకారు పట్టినవాడు. ఆ రోజు అన్నయ్య తప్పేం లేదు, అయినా చాలా రోజులు మొహం చాటేశాడు పాపం. ఆ దాగలి ఇప్పటికీ పనిచేస్తోంది, మడమ లేకుండానే.

ఇప్పుడు పనిముట్ల ఉక్కుల సంగతి. మామూలు కార్బన్ ఉక్కును గట్టిపరచాలంటే నూనెలోనో నీళ్లలోనో ముంచాలి. కానీ హెచ్13 లాంటి కొన్ని పనిముట్ల ఉక్కులు ఊరికే గాలికి చల్లారినా గట్టిపడిపోతాయి. వేడి పంచ్‌లకు బాగుంటుందని చాలామంది దాన్నే వాడతారు. పంచ్ సాగదీసి పక్కన పెడతారు. చల్లారాక చూస్తే రవ్వంత వంకర. సుత్తితో ఒక్కటి వేస్తే సరిపోతుందిలే అని దాగలి మీద పెట్టి వేస్తారు. అది అప్పటికే దాగలి ముఖమంత గట్టిది, పైగా టెంపర్ చేయలేదు, అంటే పెళుసు తగ్గేలా మళ్లీ కాస్త వేడి చేయలేదు కాబట్టి గాజులా పెళుసు. ఏది పగులుతుందో చెప్పలేం. వంకర ఏదైనా ఎర్రగా ఉండగానే తీయాలి. మర్చిపోతే మళ్లీ కాల్చాలి. ఒకసారి గట్టిపరచిన ఉలిని, పంచ్‌ను, ఆకురాయిని దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టొద్దు. వాటిలో చాలావరకు దాగలి కంటే గట్టివి.

పొలుసును ఎప్పటికప్పుడు తుడిచేయండి, లేకపోతే ముక్కలో అణగి మచ్చలు పెడుతుంది. తుప్పుకు కాస్త నూనె గుడ్డ చాలు. రోజూ పనిచేసే దాగలికి అదీ అక్కర్లేదు.

చివరగా మరమ్మతు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. నేను చూసినంతలో చెడిపోయిన పాత దాగళ్లలో ఎక్కువ భాగం సుత్తి వల్ల చెడలేదు, బాగు చేయబోయి చెడగొట్టినవే. ఇంగ్లండ్‌లో పీటర్ రైట్ పేరుతో వచ్చిన పాత దాగళ్లలో ఒళ్లంతా చేత ఇనుము, పైన మాత్రం ఉక్కు పలక అతికి ఉంటుంది. అలాంటి పలకల మందం మామూలుగా అరంగుళానికి అటూ ఇటూ. నూరేళ్లు అరిగాక ఇంకెంత మిగిలి ఉంటుంది? దాన్ని తీసుకెళ్లి, ముఖం అద్దంలా ఉండాలని మిల్లింగ్ మెషీన్ కింద పెడతారు. గాట్లు పోతాయి. వాటితో పాటు ఉక్కూ పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మిగిలేది నున్నటి మెత్తటి ఇనుము.

ఆ పాత దాగళ్ల పక్కన మూడు అంకెలు ఉంటాయి, చూస్తే సరదాగా ఉంటుంది. 1, 2, 10 అని ఉందనుకోండి. మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28 పౌండ్ల లెక్క, మూడోది విడి పౌండ్లు. మొత్తం 178 పౌండ్లు, అంటే 81 కిలోలకు కాస్త తక్కువ. చాలామంది దాన్ని 1210 అని చదివి తయారైన సంవత్సరం అనుకుంటారు.

[నవ్వులు]

వెల్డింగ్‌తో పూడ్చడం కుదురుతుంది. కానీ దాగలి మొత్తాన్ని ముందుగా 200 డిగ్రీల దగ్గరికి నిదానంగా కాల్చాలి, లోపలి దాకా. చల్లటి దాగలి మీద రాడ్ పెడితే, వెల్డింగ్ పక్కనున్న ఉక్కు ఒక్కసారిగా కాగి, ఒక్కసారిగా చల్లారి పగులుతుంది. ఎక్కువ కాల్చితే మిగతా ముఖం మెత్తబడుతుంది. అంచులు పెద్దగా ఊడిపోయి పనికే అడ్డమైతే, తెలిసినవాళ్లతో చేయించండి. గోటితో తగిలే గాటుకు ఇదంతా చేస్తారా? గాటు చుట్టూ లేచిన అంచును ఎమరీతో రుద్దేస్తే చాలు. గుంట వల్ల పనికి వచ్చే నష్టం ఒక్కటే. దాని మీద పెట్టి కొట్టిన వేడి ఇనుముకు అదే ఆకారంలో బొడిపె వస్తుంది. అందుకే ముఖం మీద జానెడు చోటు ఒకటి చూసుకుని, ఆఖరి నునుపు దెబ్బలకే ఉంచుకోండి. మిగతా చోట బాదుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: ముఖం మధ్యలో పల్లంగా ఉన్న పాత దాగలి దొరికింది. తీసుకోవచ్చా?)

గుండు ఎగురుతోందా? అయితే తీసుకోండి. కొద్దిపాటి పల్లం మంచిదే. వంగిన కమ్మీని సరిచేయాలంటే వంపు మీద కొట్టాలి, కింద కాస్త ఖాళీ ఉంటే అది కొంచెం దాటి వంగి సూటిగా నిలబడుతుంది. పూర్తి చదును మీద అది కుదరదు. చదును కావాల్సినప్పుడు అంచు వైపు వాడుకోండి.

(ఒకరు: నాది కొడితే మోగదు. లోపల పగిలిందా?)

ఏ రకం దాగలి? ఉక్కుది మోగకుండా బొంగురుగా పలికితే అనుమానించాలి, పలక అతుకు ఊడి ఉండొచ్చు. కానీ మోగని దాగళ్లూ ఉన్నాయి. అమెరికాలో ట్రెంటన్‌లో తయారైన ఫిషర్ దాగళ్లకు ఒళ్లు పోత ఇనుము, పైన ఉక్కు పలక. వాటి పక్కన గద్ద బొమ్మ ఉంటుంది. అవి మోగవు, కానీ గుండును చక్కగా లేపుతాయి. కాబట్టి మోత ఒక్కటే చూసి తేల్చొద్దు. దాగలిని కింద ఉన్న దిమ్మకు గొలుసుతో గట్టిగా బిగిస్తే మంచి దాగలి కూడా సద్దుమణుగుతుంది. నా చెవుల కోసమైనా బిగించండి.

(ఒకరు: చలికాలం పొద్దున్నే పని మొదలుపెడితే దాగలి పగులుతుందని విన్నాను.)

గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసుబారుతుంది, అది నిజం. అలాంటి చోట ఎర్రగా కాల్చిన కమ్మీని కాసేపు ముఖం మీద పడుకోబెట్టి, చెయ్యి పెడితే చల్లగా తగలనంతవరకు వెచ్చచేసి మొదలుపెడతారు. ఊరికే చల్లగాలి వేస్తున్న పూట అంత టెన్షన్ అక్కర్లేదు. మొదటి పది దెబ్బలు సమ్మెటతో కాకుండా చేతి సుత్తితో వేయండి.

(ఒకరు: నాకు దాగలి లేదు, రైలు పట్టా ముక్క మీద చేస్తున్నాను. దానికి గాట్లు పడితే?)

పడతాయి. పట్టా ఉక్కు మంచి దాగలి ముఖం కంటే మెత్తన. పడనివ్వండి, అది నేర్చుకోవడానికి దొరికిన రాత పలక లాంటిది. ఒక్క సంగతి, పట్టాను పడుకోబెట్టి కాదు, నిలువుగా దిమ్మలో పాతి వాడి చూడండి. దెబ్బ కింద ఉక్కు నిండుగా ఉంటుంది, పైన చోటు చిన్నదే అయినా ఉలికి అది సరిపోతుంది. పై కొసను ఆకురాయితో చదును చేసి, అంచులు గుండ్రం చేసుకోండి. మధ్యాహ్నం పనికి మీ పట్టా ముక్క తెచ్చారా? తెచ్చారు కదా, దాని మీదే మొదలుపెడదాం. ముందు అందరూ మీ మీ సుత్తులు ఇలా బల్ల మీద పెట్టండి, అంచులు చూస్తాను.